31 ఒకట్ల సంఖ్యను విడగొట్టాం: ప్రాజెక్టు డైరీ

నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెప్తాను. డిసెంబరు 22 గణిత దినోత్సవం కోసం తొమ్మిది, పది తరగతుల పిల్లలతో చేసిన పని ఇది. వరుసగా 31 ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలి. తరగతిలో 31 మంది ఉన్నారు, తలా ఒక ఒకటి. ఇంకో బడిలో ఎవరైనా ఇదే చేయాలనుకుంటే, మేం ఎక్కడ ఆగిపోయామో, ఏం మార్చామో తెలిస్తే వాళ్లకు చాలా సమయం మిగులుతుంది. అందుకే నడిచిన చోట్ల కంటే ఆగిన చోట్ల గురించే ఎక్కువ రాశాను.

సంఖ్య ఇది:

1 111 111 111 111 111 111 111 111 111 111

ఒకట్లు మాత్రమే ఉన్న సంఖ్యల్లో 2, 19, 23 ఒకట్లవి ప్రధాన సంఖ్యలు. ఆ తర్వాత 317 ఒకట్లది, 1031 ఒకట్లది. 31 ఆ జాబితాలో లేదు. అంటే ఇది విడిపోతుందని ముందే తెలుసు. ఎలా విడిపోతుందో పిల్లలకు చెప్పలేదు.

పనిముట్లు: కిరాణా దుకాణాల్లో వాడే 12 అంకెల క్యాలిక్యులేటర్లు, గళ్ల నోటుబుక్కులు, ఎక్సెల్ ఉన్న బడి కంప్యూటర్లు, నా పాత ల్యాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష.

దశ 1: చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించడం (ఆపేశాం)

1000 లోపు ప్రధాన సంఖ్యలు 168. వాటిని పిల్లలకు పంచి కాగితం మీద భాగించమన్నాను. ఎవరికైనా మొదట తోచే దారి ఇదే.

ఇందులో రెండు ఇబ్బందులు. 31 అంకెల భాగహారంలో మధ్యలో ఒక్క శేషం తప్పినా కింద ఉన్నదంతా పోతుంది, తప్పిందని కనపడదు. దానికంటే పెద్దది, ఎన్ని సంఖ్యలతో భాగించినా ఎంత దూరం వచ్చామో తెలియదు. మా దగ్గర పాయింటు చూపించకుండా బోరు వేసే రైతు ఉండడు. మేం మాత్రం పాయింటు చూడకుండానే తవ్వుతూ పోయాం.

మలుపు ఒక పదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నతో వచ్చింది. అందరి శేషాలూ బోర్డు మీద రాయించాను:

3 → 1
7 → 1
11 → 1
13 → 1
17 → 5
37 → 1
41 → 1
271 → 1

"సార్, పదిహేడుకు తప్ప అన్నిట్ల ఒకటే ఎందుకు మిగులుతుంది?"

జవాబు బోర్డు మీదే దొరికింది. 111111ను 7 భాగిస్తుంది. కాబట్టి ఎడమ నుంచి ఆరేసి ఒకట్ల చొప్పున కొట్టేస్తూ పోవచ్చు. 30 ఒకట్లు పోయి చివర ఒక్కటి మిగులుతుంది. 37కు మూడేసి, 11కు రెండేసి, 41కీ 271కీ ఐదేసి కొట్టేయాలి. 2, 3, 5, 6 ఇవన్నీ 30ని భాగిస్తాయి కాబట్టి ప్రతిసారీ ఒకటే మిగిలింది. 17కు పదహారేసి కొట్టేయాలి. 15 ఒకట్లు మిగిలాయి, వాటిని 17తో భాగిస్తే శేషం 5.

అంటే ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యను పూర్తిగా భాగించాలంటే, అది కొట్టేసే గుంపు పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య. గుంపు పొడవు 1 కాదు, ఎందుకంటే ఒక్క ఒకటిని ఏ ప్రధాన సంఖ్యా భాగించదు. కాబట్టి గుంపు పొడవు సరిగ్గా 31 అయి తీరాలి.

ఇప్పటిదాకా: దొరికిన కారణాంకాలు 0. మిగిలిన అంకెలు 31.

దశ 2: వెతికే చోటును కుదించడం

1640లో ఫెర్మా చెప్పిన చిన్న సిద్ధాంతం ఇక్కడ పనికొచ్చింది. 2, 3, 5 కాని ఏ ప్రధాన సంఖ్య 'ప' తీసుకున్నా, ప−1 ఒకట్లు వరుసగా రాస్తే దాన్ని 'ప' భాగిస్తుంది. మన గుంపు పొడవు 31 కాబట్టి 31 తప్పకుండా ప−1ని భాగించాలి. 'ప' బేసి కాబట్టి 2 కూడా భాగిస్తుంది. కాబట్టి మనకు కావలసిన ప్రతి కారణాంకమూ 62క+1 రూపంలోనే ఉంటుంది (క = 1, 2, 3...).

1000 లోపు ఉన్న 168 ప్రధాన సంఖ్యల్లో ఈ రూపంలో ఉన్నవి మూడే: 311, 373, 683. మిగతా 165 సంఖ్యలతో భాగించే పనే లేదు.

ఇంకో కుదింపు ఉంది. మన సంఖ్యకు తొమ్మిది రెట్లు అంటే 10³¹−1. కాబట్టి 'ప' మన సంఖ్యను భాగిస్తే 10³¹కు శేషం 1, 10³²కు శేషం 10. 10³² అంటే 10¹⁶ వర్గం. కాబట్టి 'ప' దృష్టిలో 10 ఒక పరిపూర్ణ వర్గం. ఇలా ఉండాలంటే 'ప'ను 40తో భాగిస్తే శేషం 1, 3, 9, 13, 27, 31, 37, 39లలో ఒకటి కావాలి. ఇది గౌస్ నిరూపించిన వర్గ అవశేషాల నియమం నుంచి వస్తుంది. నిరూపణ బడి స్థాయిది కాదు, పిల్లలకు ఫలితం మాత్రమే ఇచ్చాను. పరీక్షించడం చాలా తేలిక, చివరి మూడు అంకెలు చూస్తే చాలు.

క 1 నుంచి 45 వరకు లెక్క ఇలా తగ్గింది:

- 62క+1 సంఖ్యలు: 45
- వాటిలో ప్రధాన సంఖ్యలు: 13
- 40 పరీక్షలో నిలిచినవి: 10

ఆ పది: 311, 373, 683, 1117, 1427, 1489, 1613, 2357, 2729, 2791.

భాగించే పద్ధతి కూడా మార్చాం. 31 అంకెల సంఖ్యను ముట్టుకోనవసరం లేదు, వర్గాలు చేస్తూ పోతే చాలు.

1. 10తో మొదలుపెట్టండి.
2. దాని వర్గం చేసి, 'ప'తో భాగించి, శేషం మాత్రం ఉంచుకోండి.
3. ఇలా ఐదుసార్లు చేస్తే 10³² శేషం వస్తుంది.
4. ఆ శేషం 10 అయితే 'ప' మన సంఖ్యకు కారణాంకం. కాకపోతే కాదు.

క్యాలిక్యులేటర్‌లో శేషం తీయడానికి: భాగించండి, దశాంశ బిందువుకు ముందున్న భాగం రాసుకోండి, దాన్ని 'ప'తో గుణించి మొదటి సంఖ్యలోంచి తీసేయండి. దశాంశ భాగాన్ని 'ప'తో గుణించే అడ్డదారి వద్దు. చివరి అంకెల్లో తేడా వస్తుంది.

311 ఇలా పోయింది: 10, 100, 48, 127, 268, 294. చివర 10 కాదు.

మిగతావీ ఒక్కొక్కటే పోయాయి. పదోది 2791:

10
100
1627
1261
2042
10

చివరిది 2042 వర్గం 4169764. అందులో 2791 ను 1494 సార్లు తీస్తే 4169754 పోయి 10 మిగులుతుంది. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి "సార్, మళ్ల పదే ఒచ్చింది!" అన్నాడు. నేను మాట్లాడలేదు, పక్క వరుసవాళ్లతో మళ్లీ చేయించాను. వాళ్లకూ పదే వచ్చింది.

ఇప్పటిదాకా: దొరికిన కారణాంకాలు 1 (2791, క = 45).

దశ 3: బోర్డు మీద భాగహారం

ఈసారి భాగహారం పూర్తిగా చేయాలి, ఎందుకంటే భాగఫలం కావాలి. 11111లో 2791 మూడుసార్లు, శేషం 2738. ఒకటి దించితే 27381, అందులో తొమ్మిదిసార్లు, శేషం 2262. ఇలా బోర్డు అటు చివర నుంచి ఇటు చివర దాకా సాగింది. చివరి అడుగులో శేషం 279, పక్కకు చివరి ఒకటి దించితే 2791. సరిగ్గా ఒకసారి పోయింది.

భాగఫలం: 398 105 020 104 303 515 267 327 521

సరిచూడటానికి తొమ్మిదుల పరీక్ష పెట్టాం. 31 ఒకట్ల మొత్తం 31, అంటే 4. 2791 అంకెల మొత్తం 19, అంటే 1. భాగఫలం అంకెల మొత్తం 85, అంటే 4. 1×4 = 4. సరిపోయింది.

పదో తరగతి వాస్తవ సంఖ్యల పాఠంతో దీన్ని కలపొచ్చు. 1/2791ని దశాంశంగా రాస్తే 31 అంకెల తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది:

0.000 3582945180938731637405947689 000 3582945...

ఆవర్తన భాగం మన భాగఫలానికి తొమ్మిది రెట్లు, ముందు మూడు సున్నాలు. ఆవర్తనం సరిగ్గా 31 అంకెలు ఉండే ప్రధాన సంఖ్యలు మన సంఖ్య కారణాంకాలే, వేరేవి లేవు. ఈ మాట చెప్పిన తర్వాతే పిల్లలకు మిగతావాటి మీద పట్టుదల పెరిగింది.

ఈ భాగహారం చేయలేని ఆరో తరగతి పిల్లలకు వేరే పని ఇచ్చాను: ఒకట్ల వర్గాలు. 11 వర్గం 121, 111 వర్గం 12321, తొమ్మిది ఒకట్ల వర్గం 12345678987654321. పది ఒకట్లకు ఆ వరుస చెదిరిపోతుంది, 1234567900987654321 వస్తుంది. ఎక్కడ చెదిరిందో, ఎందుకు చెదిరిందో వాళ్లే కనిపెట్టాలి. నాసిక్ దగ్గర దేవలాలీలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ ఇలాంటి సంఖ్యలకు డెమ్లో సంఖ్యలని పేరు పెట్టాడు. ఆ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. మన లాంటి బడిలో పనిచేసిన మనిషే.

ఇప్పటిదాకా: మిగిలిన అంకెలు 27.

దశ 4: క్యాలిక్యులేటర్ హద్దు, ఎక్సెల్ పట్టిక

2791 తర్వాత పదివేల దాకా క్యాలిక్యులేటర్లతో చూశారు. ఏదీ రాలేదు. ఓపిక సంగతి అటుంచితే, క్యాలిక్యులేటర్‌కే ఒక హద్దు ఉంది. 12 అంకెల తెర మీద వర్గం పట్టాలంటే 'ప' పది లక్షల లోపు ఉండాలి, అంటే క 16129 దాటకూడదు.

ఎక్సెల్‌లో మొదట సంఖ్యను నేరుగా అతికించి చూశాం. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుకుంటుంది, మిగతావి సున్నాలు చేసేస్తుంది. కాబట్టి అక్కడా 31 అంకెల సంఖ్యను పెట్టకుండా వర్గాల పద్ధతే వాడాం:

1. మొదటి నిలువు వరుసలో క.
2. రెండో దాంట్లో 62క+1.
3. మూడో దాంట్లో 10000ను రెండో దానితో భాగించిన శేషం. శేషానికి మాడ్ ఫంక్షన్.
4. నాలుగు, ఐదు, ఆరు నిలువుల్లో, ముందు నిలువు వర్గానికి శేషం.
5. ఆరో నిలువులో 10 ఉన్న అడ్డు వరుసలను ఫిల్టర్ చేయాలి.

ఇక్కడ 'ప' ప్రధాన సంఖ్యో కాదో చూడనవసరం లేదు. సంయుక్త సంఖ్యలు కూడా పట్టికలో ఉంటాయి, 10 రాకపోతే వాటంతట అవే పోతాయి. వర్గం 15 అంకెలు దాటకూడదు కాబట్టి 'ప' సుమారు 3 కోట్ల 16 లక్షల వరకు, 'క' సుమారు 5 లక్షల 10 వేల వరకు నమ్మొచ్చు. దాన్నే హద్దుగా పెట్టుకున్నాం.

లక్ష వరుసలు ఒకేసారి కిందికి లాగితే బడి కంప్యూటర్ సేవ్ చేసేటప్పుడు బిగుసుకుపోయింది. 20,000 వరుసల చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో ఫైలుగా వేర్వేరు కంప్యూటర్లకు ఇచ్చాం. మొదటి ఫైలులో క = 45 దగ్గర 10 కనపడాలి, కనపడకపోతే ఫార్ములా తప్పు. ఈ సరిచూపు ఉండటం మంచిదైంది.

రెండు, మూడు, నాలుగు, ఐదు ఫైళ్లు ఖాళీ. ఆరో ఫైలులో, క = 111989 దగ్గర 10.

62 × 111989 + 1 = 6943319

ఇప్పటిదాకా: దొరికిన కారణాంకాలు 2. భాగిస్తే మిగిలింది 57 336 415 063 790 604 359. మిగిలిన అంకెలు 20.

దశ 5: పదితో చేసిన ఫెర్మా పరీక్ష

మిగిలిన 20 అంకెల సంఖ్య ప్రధాన సంఖ్యేనా? తొందరగా తేల్చడానికి ఫెర్మా పరీక్ష ఉంది: పరీక్షించే సంఖ్య 'న' అనుకుంటే, ఒక ఆధారాన్ని (న−1) ఘాతానికి పెంచి 'న'తో భాగిస్తే శేషం 1 కాకపోతే 'న' ప్రధాన సంఖ్య కాదు. పైథాన్‌లో పౌ ఫంక్షన్‌కు మూడు విలువలిస్తే రెప్పపాటులో చెప్తుంది.

పిల్లలకు 10 అలవాటైపోయింది కాబట్టి ఆధారంగా 10 పెట్టారు. శేషం 1 వచ్చింది. అదే పరీక్ష మొదటి 31 ఒకట్ల సంఖ్యకూ పెట్టి చూశాం. దానికీ 1 వచ్చింది! అది విడిపోయిందని మా చేతుల్తో చూశాక కూడా.

కారణం లోపలే ఉంది. 31 ఒకట్లలోంచి 1 తీస్తే 30 ఒకట్లు, చివర సున్నా. 30 ఒకట్లను 31 భాగిస్తుంది. 10³¹ ఎలాగూ శేషం 1 ఇస్తుంది కాబట్టి, ఘాతం 31 గుణిజమైతే చాలు, ప్రతిసారీ 1 వస్తుంది. ఈ కుటుంబంలో ఏ సంఖ్యకైనా 10 ఆధారంగా ఈ పరీక్ష ఏమీ చెప్పదు. 2 పెట్టండి. 2 ఆధారంగా 31 ఒకట్ల సంఖ్యకు 1 రాదు, 20 అంకెల సంఖ్యకు వస్తుంది.

ఇదే జాగ్రత్త పొలార్డ్ 1974లో ఇచ్చిన ప−1 పద్ధతికీ కావాలి. 6943318 = 2×31×53×2113, అన్నీ చిన్న కారణాంకాలే. కాబట్టి ఆధారం 2తో మొదలుపెట్టి, వచ్చినదాన్నే మళ్లీ 1, 2, 3... ఘాతాలకు వరుసగా పెంచుతూ, ప్రతిసారీ అందులోంచి 1 తీసి 27 అంకెల భాగఫలంతో గసాభా చూస్తూ పోతే 2113 దగ్గరికి చేరేసరికి గసాభా రూపంలో 6943319 బయటపడుతుంది. పట్టిక వద్దనుకునేవాళ్లకు ఇది దగ్గరి దారి. ఆధారం 10 పెడితే మాత్రం 31వ అడుగులోనే గసాభాగా సంఖ్య మొత్తం తిరిగొస్తుంది, ఏదీ విడిపోదు.

దశ 6: 20 అంకెల సంఖ్యను తేల్చడం

ఫెర్మా పరీక్షలో నిలిచినంత మాత్రాన ప్రధాన సంఖ్య అని రుజువు కాదు. చార్టు మీద 'ప్రధాన సంఖ్య' అని రాయాలంటే రుజువు కావాలని పిల్లలే పట్టుబట్టారు. వర్గమూలం దాకా భాగించడమే అందరికీ అర్థమయ్యే రుజువు.

వర్గమూలం సుమారు 757 కోట్ల 20 లక్షలు. అన్ని బేసి సంఖ్యలతో భాగిస్తే 378 కోట్లకు పైగా భాగహారాలు. దశ 2 కుదింపులు ఇక్కడ అసలు విలువ చూపించాయి:

- 62క+1 మాత్రమే: సుమారు 12 కోట్ల 21 లక్షలు
- 40 పరీక్ష తర్వాత: సుమారు 4 కోట్ల 89 లక్షలు
- 3, 7 గుణిజాలు తీసేశాక: సుమారు 2 కోట్ల 79 లక్షలు

40 పరీక్షను ప్రోగ్రాములో పెట్టడం తేలిక. 'క'ను 20తో భాగిస్తే శేషం 0, 3, 4, 5, 6, 9, 11, 18లలో ఒకటి కావాలి. 3 గుణిజాలు పోవాలంటే 'క'ను 3తో భాగించినప్పుడు శేషం 1 కాకూడదు. 7కు కూడా అంతే, శేషం 1 కాకూడదు. 20×3×7 = 420, కాబట్టి ప్రతి 420 'క'లలో నిలిచేవి 96. ఆ 96 శేషాల జాబితా ఒకసారి తయారు చేసుకుని దాని మీదే తిరగాలి. ప్రతి 'క'నూ పరీక్షిస్తే కుదింపు లాభం ఆ పరీక్షలకే పోతుంది.

పైథాన్‌లో రెండు జాగ్రత్తలు:

1. భాగించి దశాంశం ఉందో లేదో చూడొద్దు. మామూలు భాగహారం 15, 16 అంకెల వరకే నమ్మదగినది. శేషం గుర్తు వాడండి.
2. వర్గమూలానికి పూర్ణసంఖ్యలకు ఉన్న isqrt ఫంక్షన్ వాడండి. అది పైథాన్ 3.8లో వచ్చింది. విండోస్ 7 ఉన్న బడి కంప్యూటర్లకు 3.8 చివరి వెర్షన్, అక్కడి దాకా పెట్టుకుంటే సరిపోతుంది.

నా ల్యాప్‌టాప్‌లో పది లక్షల భాగహారాలకు సుమారు అర సెకను. అన్ని బేసి సంఖ్యలతో అయితే అరగంట దాటుతుంది. కుదించిన జాబితాతో పావు నిమిషం. ఏదీ భాగించలేదు. ప్రధాన సంఖ్యే.

ఇప్పటిదాకా: దొరికిన కారణాంకాలు 3. మిగిలింది 1.

చార్టు మీద రాసింది

31 ఒకట్లు = 2791 × 6943319 × 57336415063790604359

కింద రెండు సరిచూపులు రాయించాను, చూడటానికి వచ్చిన ఊరివాళ్లు కూడా నోటితో చేసుకునేలా. తొమ్మిదితో: 1×8×5 = 40, శేషం 4, ఎడమవైపూ 4. పదకొండుతో: 8×9×2 = 144, శేషం 1, ఎడమవైపూ 1.

తర్వాతి సంఖ్య: 37 ఒకట్లు

ఇప్పుడు తొమ్మిదో తరగతివాళ్లు దీని మీద ఉన్నారు. రూపం 74క+1. ఎక్సెల్ పట్టిక రెండో ఫైలులోనే, క = 27407 దగ్గర 2028119 దొరికింది. రెండోది 247629013. దాని వర్గం 15 అంకెలు దాటుతుంది, అందుకే పట్టికలో కనపడదు. పైథాన్‌లోనే పట్టాలి. ఆ తర్వాత మిగిలేది 22 అంకెలు. మా కొలత ప్రకారం సుమారు 14 కోట్ల 50 లక్షల భాగహారాలు, నిమిషంన్నర లోపు పని. 31కి తయారు చేసిన శేషాల జాబితా దీనికి పనికిరాదు. 74కు 'క'ను 20తో భాగిస్తే రావలసిన శేషాలు వేరు: 0, 7, 9, 12, 13, 14, 15, 18. 3 గుణిజాలకూ 7 గుణిజాలకూ తీసేయాల్సిన శేషాలు కూడా మళ్లీ లెక్కకట్టుకోవాలి.